న్యూట్రలేనా?

టక్‌మని ఒక్క చప్పుడు. ఆపైన ఏమీ లేదు. ఏడుకొండలు తాళం వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకు తిప్పాడు. మళ్ళీ అదే టక్. పక్క సీట్లో కూర్చున్న ఖయ్యూమ్ ఆ చప్పుడుకి చెవి ఒగ్గాడు. ఇరవయ్యేళ్ళుగా బెజవాడ ఆటోనగర్లో బళ్ళ సెల్ఫ్ మోటార్లు బాగుచెయ్యడం తప్ప మరో పని తెలియని మనిషి. స్టార్టు కాని బండి ఏమంటోందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. నీరసంగా మూలిగితే బ్యాటరీ అయిపోయినట్టు, గిర్రున ఊరికే తిరిగితే పళ్ళు ఇంజన్ని పట్టుకోనట్టు, అసలు ఉలుకూ పలుకూ లేకపోతే ఎక్కడో వైరు తెగినట్టు. ఇలా ఒక్కసారి టక్‌మని ఊరుకుంటే మాత్రం... అదేమిటో తెలుసు, దానికేం చెయ్యాలో కూడా తెలుసు, తెలిసినందుకే ఆ ఆలోచనని సగంలో తుంచేసి, అద్దం మీద జారుతున్న వాన చుక్కల్లోంచి బయటికి చూశాడు. ఎడమచేతి వైపు కాలువ, ఒడ్డుకి జానెడు కిందుగా, ఎర్రటి నీళ్ళతో నిండుగా పోతోంది. కుడివైపు కొత్తగా నాట్లు వేసిన చేలు. కట్ట మీద నల్లటి బురద. కంకిపాడు ఇంకా ఆరు కిలోమీటర్లు. అడ్డంగా వచ్చి బండి ఆపించిన గేదెలు తాపీగా గట్టు దిగిపోతున్నాయి, వాటి వెనక మనిషన్నవాడు లేడు. వెనక సీట్లో ఏడుకొండలు భార్య చౌడేశ్వరమ్మ తల, ఖయ్యూమ్ అన్నకూతురు సల్మా ఒళ్ళో ఉంది. కుడికాలికి మోకాలి కింద పంచె చింపి కట్టిన కట్టు. పాదం వాచి నిగనిగలాడుతోంది. తాచుపాము కరిచి గంట దాటింది.

గంట కిందట ఆవిడ నవ్వుతోంది. అదే నమ్మబుద్ధి కావడం లేదు. వచ్చే నెల సల్మా నిఖా, దుకాణంలో మడతపెట్టిన చీరలు కాదు, మగ్గం మీద ఉన్నదే చూసి కోయించుకుంటానంది పిల్ల. ఏడుకొండలు పదేళ్ళ ఖాతాదారు, నేసిన చీరలూ తువ్వాళ్ళూ ఈ పాత వ్యాన్లో వేసుకుని వారం వారం బెజవాడ వస్తాడు, వచ్చినప్పుడల్లా బండిని ఖయ్యూమ్ చేతికే ఇస్తాడు, ఆ చనువుతో మా ఇంటికే రండి, మీ అమ్మాయికి నచ్చిన రంగు ఎక్కిస్తాం అన్నాడు. ఉదయాన్నే ఖయ్యూమూ సల్మా బస్సులో వెళ్ళారు. ఎర్రంచు ఆకుపచ్చ చీర సగం నేసి ఉంది. చెంగు ఎలా వస్తుందో చూద్దువుగాని రామ్మాయ్ అంటూ చౌడేశ్వరమ్మ మగ్గం గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి దింపింది. వానలకి గుంటలో చెమ్మ. అబ్బా అంది. మేకు గుచ్చుకుందనుకున్నారు. తర్వాత కాలిపలకల కిందనుంచి అది నింపాదిగా పాక్కుంటూ వచ్చింది. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే మందు లేదు, బెజవాడ తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి అన్నారు. పెద్ద రోడ్డు మీద లారీ అడ్డంగా పడి ఎక్కడి బళ్ళు అక్కడే ఆగాయని ఎవరో చెబితే కాలువ కట్ట ఎక్కించారు. గేదెల్ని చూసి ఏడుకొండలు క్లచ్ సంగతి మరిచి బ్రేకు తొక్కాడు, ఇంజను చచ్చింది. ఇంతే జరిగింది, ఇందులో ఏ ఒక్కటి కాకపోయినా ఇప్పుడు కంకిపాడు దాటి ఉండేవాళ్ళం, చీర దుకాణంలో కొని ఉంటే ఆవిడ గుంటలో కాలే పెట్టేది కాదు, అనుకున్నాడు ఖయ్యూమ్. అనుకుంటూనే బండి దిగి సీటు కింద బ్యాటరీ మూత తీశాడు. చేతులు వాటంతటవే పని మొదలుపెట్టాయి, చేతులకి భయం తెలియదు.

"ఏమైంది భాయ్? నిన్నంతా బానే తిరిగిందే!" ఏడుకొండలు గొంతు కీచుమంది.

"చూస్తున్నానండీ. హెడ్‌లైట్లు వెయ్యండి. ఆఁ. ఇప్పుడు తాళం తిప్పండి."

లైట్లు వాన నీళ్ళ మీద తెల్లగా పడ్డాయి. టక్‌మన్నప్పుడు అవి మసకబారలేదు. మసకబారితే ఎంత బావుండేది, బ్యాటరీ అనుకునేవాడు, బ్యాటరీ అయితే తను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదు, ఏమీ లేకపోవడంలో ఒక నిశ్చింత ఉంటుంది. టెర్మినళ్ళు విప్పి తెల్లటి చిలుము గీకి మళ్ళీ బిగించాడు. ఎర్త్ వైరు లాగి చూశాడు, గట్టిగానే ఉంది. చేతిసంచీలోంచి పొడవాటి పానా తీసి, ముందు చక్రం పక్కనుంచి చెయ్యి దూర్చి, సెల్ఫ్ మోటారు ఒంటి మీద నాలుగు దెబ్బలు కొట్టాడు. లోపల కార్బన్లు అతుక్కుని ఉంటే ఒక్కోసారి అలా వదులుతాయి. టక్. వదల్లేదు. సరే, నెడదాం అన్నాడు. ఏడుకొండలు స్టీరింగ్ దగ్గర, వెనకనుంచి తనూ సల్మా. పదడుగులు కదిలింది, గేరు వేసి క్లచ్ వదలగానే చక్రాలు తిరగడం మాని బిర్రబిగుసుకుని బురదలో ఈడ్చుకుపోయాయి, బండి వెనకభాగం మెల్లగా కాలువ వైపుకి, ఒక మూర, జారింది. సల్మా కెవ్వుమంది. కట్ట అంచున మట్టిపెళ్ళ ఒకటి ఊడి నీళ్ళలో పడ్డ చప్పుడు ముగ్గురూ విన్నారు. ఇక నెట్టే మాట ఎవరూ ఎత్తలేదు. సెల్‌ఫోన్లు ఇంకా పెద్ద వ్యాపారుల జేబుల్లోనే ఉన్న రోజులు. ఏడుకొండలు వెనక సీటు దగ్గరికెళ్ళి భార్య ముఖం చూశాడు. ఆవిడ కనురెప్పలు సగానికి వాలిపోయి ఉన్నాయి, ఎత్తాలని చూస్తోంది, ఎత్తలేకపోతోంది.

"నాలుక... మొద్దు..." అంది. చివరి అక్షరాలు ముద్దగా వచ్చాయి.

"ముందు ఊళ్ళో ట్రాక్టరుంది. తీసుకొస్తా. భాయ్, మీరేదో ఒకటి చెయ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటా" అంటూ ఆయన చెప్పులు కూడా వదిలేసి కట్ట వెంట పరుగెత్తాడు. వానలో తెల్లచొక్కా చిన్నదై, మలుపు దగ్గర మాయమైంది.

ఇప్పుడు ఇక చెయ్యాల్సింది ఒక్కటే మిగిలింది. ఖయ్యూమ్ పానా పట్టుకుని వానలో నిలబడ్డాడు. తాళం తిప్పినప్పుడు మోటారు నెత్తిన ఉండే సోలనాయిడ్ పళ్ళచక్రాన్ని ఇంజనులోకి నెడుతోంది, ఆ టక్ అదే. దాని లోపల రాగిబిళ్ళ కాలిపోయింది కాబట్టి కరెంటు మోటారులోకి దాటడం లేదు. కిందకి దూరి, బయటికి కనిపించే రెండు లావు బోల్టుల్నీ పానాతో కలిపితే దాటుతుంది. అదే సమయంలో పైన ఒకరు తాళం తిప్పి పట్టుకోవాలి. ఆటోనగర్లో ఏ మేస్త్రీ అయినా రోజుకి రెండుసార్లు చేసే పని, అయిదు నిమిషాలది. తను మాత్రం పదమూడేళ్ళుగా చెయ్యలేదు. ఎవరి బండి వచ్చినా సెల్ఫ్ విప్పి బెంచీ మీద పెట్టుకుంటాడు, గంట పట్టినా సరే. ఖయ్యూమ్ భాయ్‌కి జాగ్రత్త ఎక్కువ అంటారు. అన్న పోయినప్పటినుంచీ అలా అయ్యాడు పాపం అంటారు. అన్న బిడ్డని సొంత బిడ్డలా పెంచి చదివించాడు, ఇప్పుడు పెళ్ళి కూడా చేస్తున్నాడు, ఈ రోజుల్లో ఎవరున్నారు అలాంటివాళ్ళు అంటారు. ఆ మాట అన్న ప్రతిసారీ ఖయ్యూమ్ తల దించుకుంటాడు, అది వినయమనుకుంటారు. అది భయం. ఇంకో మాట తర్వాత ఎవరైనా అసలు ఆ రోజు ఏం జరిగింది భాయ్ అని అడుగుతారేమోనన్న భయం.

ఎనభై తొమ్మిది ఎండాకాలం. మధ్యాహ్నం మూడు. అప్పుడు తనకి ఇరవై నాలుగు, అన్న మునీర్‌కి ముప్పై రెండు. పని నేర్పింది అన్నే, తండ్రి లేని ఇంట్లో అన్నం పెట్టిందీ అన్నే. ఆ సాయంత్రం కొండపల్లిలో తనకి పెళ్ళిచూపులు. కొత్త చొక్కా, పనిలో నూనె అంటుతుందని విప్పి సీటు వెనక తగిలించి ఉంది. ఇలాంటి వ్యానే, రంగు కూడా దాదాపు ఇదే. అన్న ముందువైపునుంచి కిందకి దూరాడు, బయటికి రెండు కాళ్ళు, ఎడమకాలి చెప్పుకి తెగిన పట్టీ తీగతో కట్టి ఉంది. తను డ్రైవరు సీట్లో పక్కకి తిరిగి, కాళ్ళు బయటికి వేలాడేసి, అద్దం తనవైపు తిప్పుకుని తల దువ్వుకుంటున్నాడు. పాపిడి ఎడమకా కుడికా అని ఆలోచిస్తున్నాడు. ఆ పిల్లకి ఎలా నచ్చుతుందో. కిందనుంచి అన్న గొంతు వచ్చింది. ఖయ్యూమ్, న్యూట్రలేనా? ఆఁ భాయ్, అన్నాడు తను. చూడలేదు. చెయ్యి పెట్టలేదు. దువ్వెన ఉన్న చెయ్యి అలాగే ఉంది, రెండో చేత్తో తాళం తిప్పాడు. బండి ఎగిరి ముందుకు దూకింది. నాలుగడుగులు. అంతే, నాలుగడుగులు. పరుగెత్తుకొచ్చిన వాళ్ళతో ఏం చెప్పాలని తను అనుకోలేదు, నోరే చెప్పింది: అడక్కుండానే దూరాడు, నేను బండి ఎక్కేలోపలే కిందనుంచి సోలనాయిడ్‌కి వైరు ముట్టించేశాడు, నేనేం చెయ్యను, నేనేం చెయ్యను అని. ఎవరూ అనుమానించలేదు. అంత పనివాడు తొందరపడ్డాడు పాపం అన్నారు. పోలీసులూ అదే రాసుకున్నారు. ఆరేళ్ళ సల్మా అన్న ఇంటి గుమ్మంలో నిలబడి జనాన్ని చూస్తోంది. కొండపల్లి సంబంధం తనే వద్దన్నాడు, దుఃఖంలో ఉన్నాడనుకున్నారు. తర్వాత చేసుకున్న ఇల్లాలికి కూడా చెప్పలేదు. అబద్ధం నిజంకన్నా గట్టిగా నిలబడిపోయింది, రోజూ దానికి తనే కాపలా.

"చాచా!" సల్మా కేకేసింది. "ఆంటీ నోట్లోంచి చొంగ కారుతోంది. పిలిస్తే పలకడం లేదు. చాచా, ఏదైనా చెయ్యండి!"

ఖయ్యూమ్ డ్రైవరు తలుపు తీసి గేరు రాడ్డు పట్టుకుని ఊపాడు. అటూ ఇటూ వదులుగా ఆడింది. న్యూట్రల్. హ్యాండ్ బ్రేకు పైకి లాగాడు, అది ఎప్పుడూ పనిచెయ్యదని తనకే బాగా తెలుసు. కట్ట పక్కన పడున్న తాటిమొద్దు ముక్క దొర్లించుకొచ్చి ముందు చక్రానికి అడ్డం పెట్టాడు; ఈ బురదలో అది ఆపేదేమీ లేదు. వెల్లకిలా పడుకుని, మడమలతో నేలని తన్నుకుంటూ ముందువైపునుంచి కిందకి పాకాడు. వీపు కింద చల్లటి బురద, ముక్కుకి జానెడు దూరంలో వేడివేడి ఇనుము. సగం పాకాక ఆగాడు. నేను ఇందాక నిజంగానే చూశానా? ఊపింది నిజమే, అది రెండు గేర్ల మధ్య ఆడిందో, గేరులోనే ఆడిందో. పాత రాడ్డు, అరిగిపోయింది, గేరులో ఉన్నా ఊగుతుంది. బయటికి పాకి, లేచి, మళ్ళీ చూశాడు. న్యూట్రలే. మళ్ళీ దూరాడు. మళ్ళీ బయటికొచ్చాడు. మూడోసారి చూస్తుంటే వెనక సీట్లోంచి గురక లాంటి చప్పుడు వచ్చింది, తడిగా, అడ్డుపడుతూ. అది ఊపిరి. సల్మా రెండు చేతుల్తో ఆవిడ గడ్డం పైకెత్తి పట్టుకుని, తనకేసి చూస్తోంది. ఆ చూపులో ఉన్నది భయం ఒక్కటే కాదు, అసహనం కూడా. ఇదేం మనిషి, మాటిమాటికీ ఎక్కి దిగుతున్నాడేమిటి అన్నట్టుంది.

"ఆవిణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి ముందుకి రామ్మా" అన్నాడు. "డ్రైవరు సీట్లో కూర్చో. ఎడమకాలితో క్లచ్ పూర్తిగా తొక్కిపెట్టు. నేను తిప్పు అన్నప్పుడు తాళం తిప్పి పట్టుకో. ఇంజను అందుకోగానే వదిలెయ్. కాలు మాత్రం తియ్యకు. ఏం జరిగినా కాలు తియ్యకు."

ఈసారి దూరి, ఆగకుండా మోటారు దాకా పాకాడు. బోల్టులు కనిపిస్తున్నాయి, ఒకదాని మీద ఎర్ర రబ్బరు తొడుగు. పైన రేకు మీద వాన. సీట్ల మధ్యనుంచి సల్మా ముందుకి దాటుతున్న చప్పుడు, ఆ పిల్ల ఓణీ ఎక్కడో చిక్కుకుంది, ఛ అంది, లాగింది. ఆ లాగడంలో ఒక ఇనప చప్పుడు. కటక్. ఓణీ దేనికి చిక్కుకుంది? మోకాలు దేనికి తగిలింది? అతని పొట్టకి పక్కనే ముందు చక్రం, దానికి అడ్డం ఆ తాటిమొద్దు ఒక్కటే. రేకు మీద ఆ పిల్ల బరువు పడింది. క్లచ్ తొక్కితే కదిలే ఇనపచెయ్యి అతని ముఖానికి ఎదురుగానే ఉంది, అది మెల్లగా వెనక్కి లాగబడి, వణుకుతూ ఆగింది. కాలు అందీ అందక తొక్కుతోంది. ఒక్క ఉలికిపాటు చాలు, జారిపోతుంది.

"సల్మా."

"చెప్పండి చాచా."

"న్యూట్రలేనా?"

"ఆఁ, చాచా."

అంత త్వరగా వచ్చింది ఆ ఆఁ. అదే పొట్టి ఆఁ, అదే పరాకు. చూసి అన్నది కాదు. చూడు అని చెప్పొచ్చు. చెబితే చూశాను అంటుంది, పెద్దవాళ్ళ చాదస్తానికి పిల్లలు అనే మాట. "చెయ్యి పెట్టి చూశావా?" అన్నాడు. "ఇందాక మూడుసార్లు మీరే చూశారు గదా! తొందరగా కానివ్వండి, ఆంటీ చచ్చిపోయేట్టుంది!" అంది సల్మా. ఏడుపు గొంతు. బయటికి పాకి నాలుగోసారి చూడొచ్చు. పాకడానికి ఒంట్లో సత్తువ లేదు, ఇప్పుడు బయటికెళ్తే మళ్ళీ కిందకి రాలేనని అతనికి ఖచ్చితంగా తెలుసు. ఆ పిల్ల చెయ్యి ఆ రాడ్డు మీదకి వెళ్ళాలి, మనసుపెట్టి వెళ్ళాలి, దానికి ఏం మాట చెప్పాలా అని వెతుక్కుంటే నోట్లోకి వచ్చింది అదొక్కటే.

"మీ అబ్బా కూడా నన్ను అడిగాడు బేటీ."

పైన రేకు మీద వాన.

"ఏమడిగారు?"

"ఇదే. న్యూట్రలేనా అని. నేను చూడలేదు. అద్దంలో తల దువ్వుకుంటూ ఆఁ అన్నాను. అడక్కుండా దూరాడని అందరికీ చెప్పాను, అది అబద్ధం. మీ అబ్బా అడిగాడు. పేరు పెట్టి పిలిచి అడిగాడు."

అన్నాక గాని తను ఎక్కడున్నాడో అతనికి గుర్తు రాలేదు. కళ్ళ ముందు ఇనపచెయ్యి మెల్లగా, చాలా మెల్లగా, ముందుకి తిరిగి వచ్చేసింది. క్లచ్ మీద కాలు లేదు. తలుపు తెరుచుకుంది. సల్మా పాదాలు రెండూ బురదలో దిగాయి, పెళ్ళికని కొనుక్కున్న కొత్త చెప్పులు, పసుపురంగువి, వాటిని ఈ రోజే ఎందుకు వేసుకుందో. ఆ పాదాలు కాలువ వైపు తిరిగి నిలబడ్డాయి. నిలబడే ఉన్నాయి. ఆ పిల్ల వెళ్ళిపోవచ్చు. లేదా ఎక్కి కూర్చుని, గేరు వేసి, తాళం తిప్పొచ్చు. తిప్పితే ఎవరు ఏమంటారు, అడక్కుండానే దూరాడు అంటుంది, లోకం నమ్ముతుంది, ఒకసారి నమ్మింది గదా. ఖయ్యూమ్ పాకలేదు. పానా గుండెల మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. పోయేముందు అనే కలిమా చదవాలనుకున్నాడు, మొదటి మాటలు వచ్చి తర్వాతివి రాలేదు. ఈ పాదాలకి మొదటి జత బడి బూట్లు తనే కొన్నాడు, వేలు పెట్టి మడమ దగ్గర ఖాళీ చూసి మరీ. వెనక సీట్లోంచి ఆ తడి గురక ఒకసారి వచ్చింది, ఆగింది, మళ్ళీ చాలాసేపటికి వచ్చింది.

పాదాలు వెనక్కి తిరిగాయి. ఎక్కాయి. తలుపు దభీమని మూసుకుంది. పైన గేరు రాడ్డు అటూ ఇటూ కొట్టుకుంది, ఎడమకి కుడికి, ఎడమకి కుడికి, ఆగి, మళ్ళీ ఒకసారి. ఇనపచెయ్యి వెనక్కి లాగబడింది, ఈసారి వణక్కుండా, చివరిదాకా.

"న్యూట్రల్లో ఉంది" అంది సల్మా. చాచా అనలేదు. "గేరులో పడి ఉంటే తీశాను. చెయ్యి పెట్టి చూశాను. కానివ్వండి."

గేరులో పడి ఉందా. ఖయ్యూమ్ ఆ మాటని అర్థం చేసుకోవడానికి ఆగలేదు, ఆగితే ఇక చెయ్యలేడు. "తిప్పు" అన్నాడు. టక్. పానా రెండు బోల్టుల మీదా అదిమాడు. నీలం నిప్పులు ముఖం మీద రాలాయి, మోటారు గిర్రుమంది, ఒకటి, రెండు, మూడు తిప్పులు, ఇంజను దగ్గి, తుమ్మి, ఒక్కసారిగా అందుకుంది. నెత్తి మీద ఇనుమంతా ఊగిపోయింది. అతను కళ్ళు గట్టిగా మూసుకుని చక్రం కోసం ఎదురుచూశాడు. చక్రం రాలేదు. బండి ఉన్నచోటే ఉండి వణుకుతోంది. చాలాసేపు అనుకున్నాడు గాని అయిదారు క్షణాలే అయి ఉంటుంది, తర్వాత పాకుతూ బయటికి వచ్చాడు. వస్తుంటే ఒంటేలు తెలియకుండానే పడిపోయిందని తెలిసింది, వాన అంతా కలిపి కడిగేసింది.

అతను స్టీరింగ్ దగ్గరికి వచ్చేసరికి సల్మా వెనక సీటుకి దాటి, చౌడేశ్వరమ్మ తల మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఆంటీ, ఆంటీ, నిద్రపోకండి, నా చీర ఎవరు నేస్తారు అంటోంది. మలుపు దాటిన అరకిలోమీటరుకి ట్రాక్టరు ఎదురైంది, దాని ఇంజను పక్కన వేలాడుతూ ఏడుకొండలు. వ్యాను నడుస్తుండగానే ఆయన ఎక్కేశాడు. కంకిపాడులో పెద్ద రోడ్డెక్కారు. ఖయ్యూమ్ అద్దంలోకి చూడలేదు. వెనక ఏం జరుగుతోందో చూడాలని ఉంది, చూస్తే ఆ పిల్ల కళ్ళు కనబడతాయి. బెజవాడ ఆసుపత్రి గేటు దగ్గర ఇంజను ఆపడానికి చెయ్యి రాక అలాగే వదిలేశాడు, అది ఎవరూ లేని బండిలో చాలాసేపు తిరుగుతూనే ఉంది. లోపల ఇంజెక్షన్లు ఇచ్చారు, గొంతులో గొట్టం పెట్టి ఊపిరి అందించారు. వరండాలో మూడు గంటలు. ఏడుకొండలు గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఏదో గొణుక్కుంటూనే ఉన్నాడు. సల్మా బల్ల ఆ చివర, ఖయ్యూమ్ ఈ చివర. అయిదు గంటలకి నర్సు వచ్చి, కళ్ళు తెరుస్తున్నారండీ, చెయ్యి నొక్కమంటే నొక్కుతున్నారు, రేపటిదాకా గొట్టం ఉంచుతారు, భయం తగ్గినట్టే అంది. ఏడుకొండలు లేచి వచ్చి ఖయ్యూమ్ బురద చేతులు రెండూ పట్టుకున్నాడు.

"మీరు లేకపోతే నా ఇల్లు ఏమైపోయేదో భాయ్. మీరు దేవుడు."

"అలా అనకండి" అన్నాడు ఖయ్యూమ్. "దయచేసి అలా అనకండి."

ఆయన వెళ్ళాక సల్మా మొదటిసారి అతనికేసి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగా ఉంది. "అమ్మీకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను."

"ఈ రోజే."

"ఈ రోజే."

ఆటోలో ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు. బెంజి సర్కిల్ దగ్గర ఎర్ర లైటు పడితే బావుండు అనుకున్నాడు, పడలేదు. ఆ వ్యాను కింద తనకి ప్రాణభయం ఒక్కటే ఉంది, ఇప్పుడు అనిపిస్తోంది అది ఏపాటిదని. నిఖాలో పెద్దదిక్కుగా పక్కన కూర్చోవాల్సింది తను. కూర్చోనిస్తారా? అన్న ఇంటి గుమ్మం ఇక ఎక్కనిస్తారా? పదమూడేళ్ళుగా రోజూ ఒకసారి ఆ ఇంటికి వెళ్ళకుండా పొద్దు గడవలేదు, కూరగాయలో, మందులో, ఊరికే ఒక కేకో. పటమటలో ఆ సందు మొదట్లోనే ఆటో ఆపించాడు. అన్న భార్య జైతూన్ బీ వరండాలో బియ్యం చేటతో కూర్చుని ఉంది. ఇద్దర్నీ పైనుంచి కిందదాకా చూసింది.

"అల్లా! ఈ బురదేమిటి? చీర ఏదీ?"

"అమ్మీ, చాచా నీతో మాట్లాడాలట" అంది సల్మా. గుమ్మానికి ఆనుకుని నిలబడింది, లోపలికి వెళ్ళలేదు.

ఖయ్యూమ్ ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. భాబీ అన్నాడు, ఆగాడు, మళ్ళీ భాబీ అన్నాడు. తర్వాత చెప్పాడు. కొండపల్లి పెళ్ళిచూపులు, అద్దం, దువ్వెన, బయటికి వేలాడుతున్న కాళ్ళు, అన్న అడిగిన ఒక్క మాట, తను అన్న ఒక్క మాట, ఆ తర్వాత జనానికి చెప్పిన మాట. ఏదీ వదల్లేదు. చెబుతున్నంతసేపూ ఆవిడ చేతులు బియ్యంలోనే ఉన్నాయి. అరుస్తుందనుకున్నాడు. చేట విసిరికొడుతుందనుకున్నాడు, అలా చేస్తే బావుండుననుకున్నాడు. ఆవిడ మాత్రం అతని చొక్కా మీద ఎండుతున్న బురదకేసి చూసింది.

"అడిగాడా?" అంది చివరికి.

"అడిగాడు భాబీ."

"దూరే ముందే అడిగాడా, దూరాకా?"

"దూరాక. తాళం తిప్పమనే ముందు."

"ఆయనకి అలవాటే. ఇంట్లో బల్బు మార్చేటప్పుడు కూడా స్విచ్చి ఆపావా అని రెండుసార్లు అడిగేవాడు." "నేనేం చేశానో తెలుసా ఖయ్యూమ్? పదమూడేళ్ళు ఆయన్ని తిట్టాను. పిల్లకి జ్వరమొస్తే తిట్టాను, ఇల్లు కురిస్తే తిట్టాను, పండగపూట తిట్టాను. అంత తొందరేమొచ్చింది, మేమిద్దరం నీకు గుర్తు రాలేదా, కళ్ళు మూసుకుని బండి కిందకి దూరావా అని. నమాజులో కూర్చుని కూడా తిట్టాను."

ఖయ్యూమ్ నోరు తెరిచాడు. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ మొదలైంది. ఆవిడ చేట పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది, కొంగు తల మీదకి లాక్కుంది.

"ఈ రోజుకి వెళ్ళు. నేను ముందు ఆయన్ని మాఫీ అడగాలి. నీ సంగతి ఆ తర్వాత చూస్తాను."